అమ్మ ఫోనుకు ఒక పీడీఎఫ్ వచ్చింది: పాల్బోసిక్లిబ్ మాత్ర ఆపాలా, ఏ పరిశోధన పత్రాన్ని నమ్మాలి?

ప్రశ్న — ఓరుగల్లు అమ్మాయి

అందరికీ నమస్కారం. మేము వరంగల్ దగ్గర ఉంటాం. మా అమ్మకు 58 ఏళ్లు. ఎనిమిదేళ్ల కిందట ఎడమ రొమ్ముకు ఆపరేషన్, ఆ తరువాత కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. ఐదేళ్లపాటు రోజూ హార్మోన్ మాత్ర కూడా వేసుకుంది. ఇక గండం గడిచిందని అనుకుంటుండగా, రెండు నెలల కిందట నడుంనొప్పి ఎంతకీ తగ్గక పెట్ స్కాన్ తీయిస్తే, వెన్నెముకలో రెండు చోట్లకు, తుంటి ఎముకలో ఒక చోటికి పాకినట్టు తెలిసింది. మళ్లీ బయాప్సీ చేశారు. ఈఆర్, పీఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ అని రిపోర్టు వచ్చింది, అంటే హార్మోన్ మీద ఆధారపడి పెరిగే రకం, హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా లేనిదట. డాక్టరుగారు రోజూ లెట్రోజోల్ అనే హార్మోన్ మాత్ర, దానితోపాటు పాల్బోసిక్లిబ్ 125 మిల్లీగ్రాములు 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపమని రాశారు. ఎముకలకు ఇంజెక్షన్ వేరే ఇస్తున్నారు.

పదిహేనో రోజు రక్తపరీక్షలో న్యూట్రోఫిల్స్ (ఇన్‌ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు) 900 అని వచ్చాయి. ఆ కాగితం మీద ఎర్ర అక్షరాలు చూసినప్పటి నుంచి అమ్మకు భయం పట్టుకుంది. డాక్టరుగారు ఫోనులో "పరవాలేదు, మాత్ర కొనసాగించండి" అన్నారు గానీ అమ్మ మనసు కుదుటపడలేదు. సరిగ్గా అదే వారం మా చిన్నాన్న ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక పీడీఎఫ్ పెట్టారు. ఒక మూలికల కషాయాన్ని లెట్రోజోల్‌తో కలిపి ఇస్తే నాలుగో దశ రొమ్ము క్యాన్సర్ ఉన్నవారిలో ఎనిమిది వారాలకే సీఏ 15-3 అనే రక్తంలోని క్యాన్సర్ సూచిక సగానికి పడిపోయిందని, "ఖరీదైన టార్గెటెడ్ మందుల అవసరం లేకపోవచ్చు" అని అందులో ఉంది. చూడడానికి అచ్చం జర్నల్ వ్యాసంలాగానే ఉంది: పైన సంపుటి, సంచిక సంఖ్యలు, రెండు నిలువు వరుసల్లో అచ్చు, పట్టికలు, చివర నలభై ఆధారాలు. అమ్మ ఇప్పుడు మాత్ర మానేసి కషాయం తాగుతానంటోంది.

ఇది చాలదన్నట్టు న్యూజెర్సీలో ఉన్న మా బావగారు ఫోన్ చేసి, పాల్బోసిక్లిబ్ పాతబడిందని, అదే కోవకు చెందిన రైబోసిక్లిబ్ అయితేనే ఆయుష్షు పెరుగుతుందని పేరున్న జర్నల్లో వచ్చిందని, డాక్టరును మార్చమని అంటున్నారు. ఆయనా ఒక వ్యాసమే పంపారు, చిన్నాన్నా ఒక వ్యాసమే పంపారు. నేను బీకాం చదివిన మనిషిని. రెండింటిలో దేన్ని ఎంతవరకు నమ్మాలో తెలుసుకునే దారి ఏమిటో దయచేసి చెప్పండి. చిన్నాన్న పంపిన పీడీఎఫ్‌ను ఇక్కడ జతచేశాను.

సమాధానం 1 — గుంటూరు వైద్యురాలు

నేను క్యాన్సర్ వైద్యురాలిని. మీ అమ్మగారిని చూడకుండా ఆమె మందు మార్చమనో ఆపమనో నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. అయితే మీరు అడిగిన వాటిలో చాలామటుకు అచ్చయి అందరికీ అందుబాటులో ఉన్న విషయాలే కాబట్టి వాటివరకు రాస్తాను.

ముందు ఆ 900 సంగతి చూద్దాం. కణం రెండుగా చీలడానికి సిద్ధమయ్యేటప్పుడు సీడీకే4, సీడీకే6 అనే రెండు ఎంజైములు తలుపు తీయాలి. హార్మోన్ మీద ఆధారపడి పెరిగే రొమ్ము క్యాన్సర్ కణాలకు వీటి అవసరం మరీ ఎక్కువ. లెట్రోజోల్ ఆ కణాలకు ఈస్ట్రోజెన్ అందకుండా చేస్తే, పాల్బోసిక్లిబ్ ఆ తలుపును మూసి ఉంచుతుంది. ఎముక మజ్జలో తెల్లకణాలను తయారుచేసే కణాలకు కూడా అదే తలుపు కావాలి కాబట్టి న్యూట్రోఫిల్స్ తగ్గుతాయి. కీమోలో మజ్జలోని ఆ కణాలు చాలావరకు చనిపోతాయి, ఇక్కడ మాత్రం అవి ఆగి నిలబడతాయి, మందు ఆపిన వారంలో మళ్లీ పనిలోకి దిగుతాయి. నెలలో ఆ 7 రోజుల విరామం ఇచ్చేది అందుకే.

ఈ మందుకు ఆధారమైన పాలోమా-2 పరీక్షలో 666 మంది స్త్రీలు పాల్గొన్నారు. పాల్బోసిక్లిబ్ తీసుకున్నవారిలో దాదాపు 66 శాతం మందికి న్యూట్రోఫిల్స్ వెయ్యి కంటే కిందికి పడ్డాయి. జ్వరంతో కూడిన ప్రమాదకర స్థితికి చేరినవారు మాత్రం 2 శాతం లోపే. అంటే మీరు చూసిన ఎర్ర అక్షరాలు ఈ మందు వాడే ప్రతి ముగ్గురిలో ఇద్దరి కాగితాల మీద కనిపించేవే. మొదటి నెల పదిహేనో రోజున 500కు, 1000కి మధ్య ఉండి, జ్వరం లేకపోతే, ఆ విడత మాత్రలు పూర్తిచేసి, 22వ రోజున మళ్లీ పరీక్ష చేయించమని మందు వాడకపు సూచనలు చెబుతాయి. మీ డాక్టరుగారు "పరవాలేదు" అన్నది తేలిగ్గా తీసుకుని అన్న మాట కాదు. కొత్త విడత మొదలుపెట్టే రోజున వెయ్యికి తక్కువ ఉంటే మాత్రం కొన్నాళ్లు ఆగుతారు, అవసరమైతే 100కో 75కో మోతాదు తగ్గిస్తారు. ఇంట్లో థర్మామీటరు ఉంచుకోండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే మాత్రం "పొద్దున చూద్దాంలే" అనుకోకుండా ఆ రాత్రికే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.

ఇక మీ బావగారి మాట. ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది, కానీ సగమే. పాలోమా-2లో జబ్బు ముదరకుండా అదుపులో ఉన్న కాలం, లెట్రోజోల్ ఒక్కటే తీసుకున్నవారిలో మధ్యస్థంగా 14.5 నెలలైతే, పాల్బోసిక్లిబ్ కలిపినవారిలో 24.8 నెలలు. 2016లో ఈ ఫలితం వచ్చినప్పుడు మా రంగంలో అందరికీ సంతోషమే. అయితే 2022లో మొత్తం ఆయుర్దాయం లెక్క చెప్పినప్పుడు లెట్రోజోల్ ఒక్కటే తీసుకున్నవారిలో 51.2, పాల్బోసిక్లిబ్ కలిపినవారిలో 53.9 నెలలు మాత్రమే తేలింది. గణాంకశాస్త్రం ప్రకారం అది తేడా కిందకు రాదు, కేవలం యాదృచ్ఛికంగా వచ్చినదై ఉండవచ్చు. అదే ఏడాది వచ్చిన మొనాలీసా-2 ఫలితంలో 668 మంది మీద రైబోసిక్లిబ్ 51.4 నెలల ఆయుర్దాయాన్ని 63.9 నెలలకు పెంచింది. అదే కోవలోని మూడో మందు అబెమాసిక్లిబ్ మీద జరిగిన మొనార్క్-3లో 53.7కు 66.8 నెలలు వచ్చినా, అక్కడ కూడా తేడా గణాంకాల గీతను దాటలేదు. ఇక్కడ గుర్తుపెట్టుకోవలసిందేమిటంటే, ఈ మూడు పరీక్షల్లోనూ ఆయా మందును హార్మోన్ మాత్ర ఒక్కదానితోనే పోల్చారు తప్ప ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి పోటీ పెట్టలేదు. అందువల్ల 63.9 పక్కన 53.9 పెట్టి తీసివేత చేయడం సరైన పద్ధతి కాదు. అలాగని రైబోసిక్లిబ్‌కు ఆయుర్దాయం మీద గట్టి రుజువు ఉన్నదన్న సంగతినీ కొట్టిపారేయలేం. ఎంచుకునే వీలుంటే నేను చాలామందికి అదే రాస్తాను. గుండె లయలో తేడా ఉన్నవారికి, ఈసీజీలో క్యూటీ వ్యవధి ఎక్కువగా ఉన్నవారికి, లివర్ పరీక్షలు బాగాలేనివారికి, లయను ప్రభావితం చేసే వేరే మందులు వాడుతున్నవారికి మాత్రం రాయను. మీ అమ్మగారికి పాల్బోసిక్లిబ్ ఎందుకు ఎంచుకున్నారో మీ డాక్టరుగారిని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఎవరూ నొచ్చుకోరు, నొచ్చుకోకూడదు కూడా.

ఖర్చు కూడా ఒక కారణం అయి ఉండవచ్చు. మన దేశంలో పాల్బోసిక్లిబ్ పేటెంటు 2023 జనవరిలో ముగిసింది. ఆ వెంటనే మన కంపెనీల జనరిక్‌లు వచ్చి ధర బాగా దిగింది. రైబోసిక్లిబ్ పరిస్థితి వేరు. నెలకు యాభై వేలు దాటే ఖర్చు భరించలేక కేరళలో ఒక రోగి 2022లో హైకోర్టుకు వెళ్లి, ప్రభుత్వమే తప్పనిసరి లైసెన్సు (పేటెంటు ఉన్నా వేరే కంపెనీలు మందు తయారుచేసుకునే అనుమతి) ఇప్పించాలని కోరారు. కేసు నడుస్తుండగానే ఆమె కన్నుమూశారు, కోర్టు ఆ వ్యవహారాన్ని తనంతట తానుగా కొనసాగించింది. ఏ మందు మేలన్న చర్చ అమెరికాలో ఒకలాగా, వరంగల్లో ఒకలాగా ఉండడానికి ఇదీ ఒక కారణమే.

పీడీఎఫ్ గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు. నేను ఒక్క మాటే చెబుతాను. సీఏ 15-3 ఒక్కదాన్నే చూసి మందు పనిచేస్తోందనో లేదనో మేము నిర్ణయించం. మంచి మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో కూడా అది కొందరిలో పెరిగి ఆ తరువాత తగ్గుతుంది.

సమాధానం 2 — పాత గ్రంథాలయాధికారి

అమ్మా, ఒక వైద్య కళాశాల గ్రంథాలయంలో ముప్ఫై ఏళ్లు జర్నళ్ల మధ్యనే గడిపి రిటైరైనవాణ్ణి. మందుల గురించి నాకు తెలిసింది తక్కువ, కాగితం గురించి తెలిసింది కొంచెం ఎక్కువ. మీరు జతచేసిన పీడీఎఫ్‌ను రెండుసార్లు చదివాను.

మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న తేదీలు చూడండి. వ్యాసం మార్చి 3న అందిందట, మార్చి 7న అంగీకరించారట. వ్యాసాన్ని ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపి, వారు చదివి, ప్రశ్నలు వేసి, రచయితలు జవాబులు రాసి, సంపాదకుడు మళ్లీ చూడడమనే పని నాలుగు రోజుల్లో తెమిలేది కాదు. మామూలుగా నెలలు పడుతుంది. రెండోది, సంపాదకవర్గం పేజీలో ఇరవై ఆరు పేర్లు ఉన్నాయి. క్యాన్సర్‌తో పాటు చేపల పెంపకం, సివిల్ ఇంజనీరింగ్ వారి పేర్లు కూడా ఒకే జాబితాలో కనిపించాయి. మూడోది, కవరు మీద అచ్చువేసిన ప్రభావ సూచిక, అంటే పత్రిక వ్యాసాలను ఇతరులు ఎంతగా ఉటంకిస్తున్నారో చెప్పే అంకె. పేరులో "ఇంపాక్ట్ ఫ్యాక్టర్" అన్న మాటలు ఉన్నాయి గానీ, గ్రంథాలయాల్లో మేము చూసే జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లో ఆ పత్రికే లేదు. అలాంటి సూచికలను డబ్బు తీసుకుని ఇచ్చే సంస్థలు వేరే ఉన్నాయి.

రచయితల దగ్గర రుసుము తీసుకోవడం ఒక్కటే తప్పు కాదని కూడా చెప్పాలి. పాఠకులకు ఉచితంగా ఇచ్చే మంచి జర్నళ్లు చాలావరకు రుసుము తీసుకునే నడుస్తున్నాయి. అలాగే మన దేశపు పత్రిక అయినంత మాత్రాన చిన్నచూపు చూడనక్కరలేదు. తప్పు ఎక్కడంటే, సమీక్ష చేయకుండానే చేశామని చెప్పడంలో ఉంది. మన హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సమీక్ష గురించి అబద్ధం చెప్పడం, అనుమతి లేకుండా శాస్త్రవేత్తల పేర్లను సంపాదకవర్గంలో వేసుకోవడం, వ్యాసం అంగీకరించాక గానీ రుసుము సంగతి బయటపెట్టకపోవడం అందులోని ఆరోపణలు. 2019 మార్చిలో నెవాడాలోని ఫెడరల్ కోర్టు ఐదు కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పునిచ్చింది. ఆ రోజు పేపరు చదివి, మన ఊరి పేరు ఇలా ఎక్కిందే అని నేను బాధపడ్డాను, అది నా సొంత గోడు.

ఇంతవరకు చెప్పింది విని, "సరే, పేరున్న జర్నల్ అయితే నమ్మవచ్చు కదా" అని మీరు అనుకుంటారు. అక్కడే నేను ఇంకొంచెం సేపు ఆగాలి, ఎందుకంటే మీ అమ్మగారి జబ్బు చరిత్రలోనే దానికి ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1990లలో, ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు విపరీతమైన మోతాదులో కీమో ఇచ్చి, ముందే తీసి దాచిన, రక్తాన్ని తయారుచేసే మూలకణాలను తిరిగి ఎక్కించే పద్ధతి మీద ఆశలు ఆకాశాన్ని అంటాయి. దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్‌స్‌రాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన వెర్నర్ బెజ్వోడా 1995లో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీలో 90 మంది స్త్రీల మీద చేసిన అధ్యయనం అంటూ ఆ పద్ధతికి మద్దతుగా ఒక వ్యాసం ప్రచురించాడు. ఆ జర్నల్‌కు క్యాన్సర్ వైద్యంలో ఉన్న స్థానం ఈ చర్చలో ఉన్న డాక్టరుగారిని అడిగితే చెబుతారు. అమెరికాలో వేలాది మంది స్త్రీలు ఆ చికిత్స చేయించుకున్నారు. ఎంతోమంది బీమా కంపెనీలతో కోర్టుల్లో పోట్లాడి మరీ చేయించుకున్నారు.

1999 మేలో అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ సమావేశంలో ఈ పద్ధతి మీద ఐదు పరీక్షల ఫలితాలు ఒకేసారి బయటికి వచ్చాయి. నాలుగింటిలో మామూలు కీమో కంటే మేలు కనిపించలేదు. ఒక్క బెజ్వోడా చేశానన్న కొత్త పరీక్షలోనే కనిపించింది. ఆ ఫలితాన్ని ఆధారంగా చేసుకుని పెద్ద పరీక్ష మొదలుపెట్టే ముందు, అమెరికా నుంచి ఒక బృందం 2000 జనవరిలో స్వయంగా జొహానెస్‌బర్గ్ వెళ్లి రోగుల కేసుషీట్లు చూపించమంది. 154 మందిని చేర్చుకున్నానని చెప్పిన చోట 58 మంది కాగితాలు మాత్రమే దొరికాయి, అవీ హెచ్చుమోతాదు కీమో తీసుకున్నవారివే. పోల్చి చూడడానికి రెండో వర్గంలో ఉన్నారని చెప్పిన వారి కాగితం ఒక్కటి కూడా లేదు. రోగుల సంతకంతో ఉన్న అంగీకార పత్రాలు కనపడలేదు. ఆ పరిశోధనకు అనుమతి ఇచ్చిన దాఖలా నైతిక సంఘం దగ్గర లేదు. 2001లో 1995 నాటి వ్యాసాన్ని కూడా జర్నల్ ఉపసంహరించుకుంది. ఆరేళ్లపాటు ఆ వ్యాసం ప్రపంచమంతా గ్రంథాలయాల్లో, నా గ్రంథాలయంలో కూడా, అరల మీద గౌరవంగా కూర్చుని ఉంది. దాన్ని పట్టుకున్నది సమీక్షకులు కాదు, విమానమెక్కి వెళ్లి "ఫైళ్లు ఏవి?" అని అడిగినవారు.

కాబట్టి పేరున్న జర్నల్ అన్నది మొదటి జల్లెడ మాత్రమే. ఆ తరువాత మీరు ఫోనులోనే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. మనుషుల మీద చికిత్సను పరీక్షించిన ఏ అధ్యయనమైనా ఒక రిజిస్ట్రీలో ముందే నమోదై ఉండాలి. మన దేశంలో ఆ పని చేసేది సీటీఆర్ఐ, అది 2007లో మొదలై 2009 జూన్ నుంచి తప్పనిసరి అయింది. వ్యాసం సారాంశం చివరనో, పద్ధతుల భాగంలోనో ఆ సంఖ్య ఉంటుంది. దాన్ని సైటులో వెతికితే, ఎంతమందిని చేర్చుకుంటామన్నారో, దేన్ని కొలుస్తామన్నారో అక్కడ ఉంటుంది. మొదట ఆయుర్దాయం కొలుస్తామని చెప్పి, చివరికి రక్తంలో ఏదో సూచిక తగ్గిందని రాస్తే, మధ్యలో ఏదో జరిగిందని అర్థం. రెండోది, వ్యాసం పేరును రిట్రాక్షన్ వాచ్ జాబితాలో వెతకండి. ఉపసంహరించుకున్న వ్యాసాలు అందులో ఉంటాయి. మూడోది, వైద్య వ్యాసాలను వెతికే సైటు పబ్‌మెడ్‌లో కనిపించినంత మాత్రాన ఆమోదముద్ర పడినట్టు కాదు. పరిశోధన నిధుల నిబంధనల కారణంగా అనామక పత్రికల వ్యాసాలు కూడా ఒక్కొక్కటిగా అందులోకి చేరుతుంటాయి. ఆ పత్రికను మెడ్‌లైన్ సూచికకు (పరిశీలించి ఎంచిన పత్రికల జాబితాకు) ఎంపిక చేశారా లేదా అన్నది వేరే ప్రశ్న, దానికి విలువ ఎక్కువ.

మీ చిన్నాన్నగారిని తప్పుపట్టకండి. ఆయన ప్రేమతోనే పంపారు. రెండు నిలువు వరుసల్లో అచ్చు చూస్తే మనందరికీ చేతులు జోడించబుద్ధి అవుతుంది.

సమాధానం 3 — ఆస్టిన్ గణాంకుడు

పై ఇద్దరూ చెప్పిన తరువాత నేను చెప్పడానికి ఎక్కువ మిగలలేదు. మీ పీడీఎఫ్‌లోని మూడో పట్టికను మాత్రం కొంచెం పరిశీలించాను. అధ్యయనంలో మొత్తం 22 మంది అన్నారు. "37 శాతం మందిలో నొప్పి పూర్తిగా తగ్గింది" అన్నారు. 22లో 37 శాతం అంటే 8.14 మంది. ఎనిమిది మంది అయితే 36.4 శాతం, దాన్ని 36 అని రాయాలి. తొమ్మిది మంది అయితే 41 శాతం. 37 రావడానికి వీలే లేదు. అదే పట్టికలో ఇలాంటి అంకెలు ఇంకో నాలుగు ఉన్నాయి. ఎవరైనా మధ్యలో కొందరిని తీసేసి చెప్పలేదా, లేక అంకెలు నోటికొచ్చినట్టు వేశారా అన్నది నాకు తెలియదు, కానీ ఆ పట్టికను ఒక్క సమీక్షకుడైనా కాలిక్యులేటరు పట్టుకుని చూడలేదని మాత్రం తెలుస్తోంది. పైగా పోలిక వర్గమే లేదు. లెట్రోజోల్ అందరికీ ఇచ్చారు కాబట్టి, తగ్గింది దానివల్లా, కషాయం వల్లా అని ఎవరూ చెప్పలేరు. నాకైతే లెట్రోజోల్ మీదే అనుమానం, అంటే మంచి అనుమానం.

ఇంకో విషయం. మంచి జర్నల్లో వచ్చిన మంచి పరీక్షకు కూడా చివరి పేజీ చదవండి, రచయితలకు ఏ కంపెనీల నుంచి డబ్బు అందిందో అక్కడ ఉంటుంది. హెర్2 పాజిటివ్ రొమ్ము క్యాన్సర్‌లో పెర్టూజుమాబ్ అనే మందును నిలబెట్టిన క్లియోపాత్రా పరీక్ష మొదటి వ్యాసానికి ముఖ్య రచయిత హోసే బసెల్గా. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో పెద్ద పదవిలో ఉండి, తనకు కంపెనీల నుంచి వచ్చిన చెల్లింపులను ఎన్నో వ్యాసాల్లో వెల్లడించలేదని 2018 సెప్టెంబరులో పత్రికలు బయటపెట్టగా ఆయన రాజీనామా చేశారు. అంతమాత్రాన క్లియోపాత్రా ఫలితం అబద్ధమైపోలేదు. అందులోని 808 మందిని ఏళ్లతరబడి గమనించాక ఆయుర్దాయం 40.8 నెలల నుంచి 56.5 నెలలకు పెరిగిందన్న లెక్క చెక్కు చెదరలేదు. డబ్బు సంగతి దాచడం వేరు, అంకెలు తప్పు కావడం వేరు. రెండింటినీ కలిపేసి "అంతా కంపెనీల మోసమే" అనేవారు, మీ పీడీఎఫ్ లాంటి కాగితాలకు దారి తెరుస్తున్నారని నా అభిప్రాయం.

మళ్లీ ఓరుగల్లు అమ్మాయి

ముగ్గురికీ ఎంతో కృతజ్ఞతలు. నిన్న రాత్రి అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా చదివి వినిపించాను. పీడీఎఫ్ మొత్తం వెతికినా సీటీఆర్ఐ సంఖ్య కనిపించలేదు. 8.14 మంది దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఒకసారి నవ్వింది. ఆమె అసలు భయం 900 గురించేనని, కషాయం దానికి సాకు మాత్రమేనని నాకు అప్పుడు అర్థమైంది. మాత్ర కొనసాగిస్తానంది.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. బావగారు ఇప్పుడు ఇంకో మాట అంటున్నారు: ఈ మందు ఇప్పుడే అక్కరలేదు, ముందు లెట్రోజోల్ ఒక్కటే వాడి, అది పనిచేయడం మానేశాక వాడినా ఒకటేనని నెదర్లాండ్స్‌లో తేలిందట. అది నిజమేనా? రెండోది కొంచెం చిన్న ప్రశ్న. గ్రేప్‌ఫ్రూట్ తినకూడదని మందు డబ్బాలోని కాగితంలో ఉంది. ఆ పండు మాకు దొరకదు గానీ, మా పెరట్లో పంపర పనస చెట్టు ఉంది, అమ్మకు అదంటే ప్రాణం.

గుంటూరు వైద్యురాలు

మీ బావగారు చదువుతున్నారు, సంతోషం. ఆయన చెప్పింది సోనియా పరీక్ష. నెదర్లాండ్స్‌లో 1,050 మంది మీద జరిగింది. ఒక వర్గానికి సీడీకే మందును (పాల్బోసిక్లిబ్ కోవ మందును) చికిత్స మొదట్లోనే ఇచ్చారు. రెండో వర్గానికి హార్మోన్ మాత్రతో మొదలుపెట్టి, జబ్బు ముదిరాక రెండో చికిత్సలో దాన్ని ఇచ్చారు. మొదటి, రెండో చికిత్సలు కలిపి జబ్బు అదుపులో ఉన్న కాలం వరుసగా 31.0 నెలలు, 26.8 నెలలు అని తేలింది. ఆ తేడా గణాంకాల ప్రకారం నిలబడలేదు, ఆయుర్దాయంలోనూ తేడా కనిపించలేదు. ముందే మొదలుపెట్టినవారు ఆ మందును 24.6 నెలలు మింగితే, తరువాత మొదలుపెట్టినవారు 8.1 నెలలు మింగారు. ఖర్చు, ఇబ్బందులు ఆ మేరకు తగ్గాయి. దీనికి డబ్బు పెట్టింది కంపెనీలు కాదు, డచ్ ప్రభుత్వ పరిశోధన సంస్థ, బీమా సంస్థలు. ఏ కంపెనీ కూడా "మా మందును తక్కువ రోజులు వాడితే సరిపోతుందా" అని పరీక్ష చేయించదు కాబట్టి, ఇలాంటి వాటికి నా దృష్టిలో ప్రత్యేక విలువ ఉంది. మన దగ్గర అప్పుచేసి మందు కొనే కుటుంబాలతో నేను ఈ ఫలితం గురించి మాట్లాడతాను.

అయితే సోనియాలో పదిమందిలో తొమ్మిదిమంది వాడింది పాల్బోసిక్లిబ్‌నే కాబట్టి, రైబోసిక్లిబ్‌కు కూడా అదే వర్తిస్తుందని చెప్పలేం. ఇంకో సంగతి, అక్కడ తరువాత ఇస్తామన్నవారికి సమయానికి స్కాన్ తీసి, సమయానికి మందు మార్చే ఏర్పాటు ఉంది. ఆరు నెలలకు ఒకసారి కూడా స్కాన్‌కు రాలేని ఇంటికి ఆ దారి చూపించడానికి నేను వెనుకాడతాను. ఇప్పటికే మొదలుపెట్టి, జనరిక్ ధర భరించగలుగుతూ, శరీరం తట్టుకుంటున్న మీ అమ్మగారి విషయంలో ఆపడానికి నాకు కారణం కనిపించడం లేదు. తుది మాట మీ డాక్టరుగారిదే.

వెళ్లినప్పుడు ఒక కాగితం అడిగి తెచ్చుకోండి. బయాప్సీ రిపోర్టులో హెర్2 నెగెటివ్ అన్నచోట అది సున్నానా, 1 ప్లస్సా, 2 ప్లస్సా అన్నది రాసి ఉంటుంది. ఇదివరకు ఆ తేడాను మేము పట్టించుకునేవాళ్లం కాదు. 2022 జూన్‌లో డెస్టినీ-బ్రెస్ట్04 ఫలితం వచ్చాక పట్టించుకుంటున్నాం. కీమో కూడా అయిపోయినవారిలో, హెర్2 కొద్దిగానైనా ఉంటే, ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే ఇంజెక్షన్ జబ్బును అదుపులో ఉంచే కాలాన్ని 5.1 నుంచి 9.9 నెలలకు పెంచింది. ఊపిరితిత్తుల వాపు దాని ప్రధాన ప్రమాదం, సుమారు 12 శాతం మందికి వచ్చింది. 2024 జులై బడ్జెట్‌లో దాని మీద కస్టమ్స్ సుంకం ఎత్తివేశారు గానీ, మామూలు కుటుంబానికి ఇప్పటికీ అది అందని మందే. మీ అమ్మగారికి ఇప్పుడు దాని అవసరం లేదు. అవసరం వచ్చిన రోజున పాత రిపోర్టు కోసం వెతుక్కోకుండా ఉండడానికే చెబుతున్నాను.

ఇక పంపర పనస. అది చిన్న ప్రశ్న కాదు. గ్రేప్‌ఫ్రూట్ పుట్టిందే పంపర పనసకు, నారింజకు కలిగిన సంకరం నుంచి. లివర్‌లో, పేగుల్లో ఈ మందును విరగ్గొట్టే ఎంజైమును గ్రేప్‌ఫ్రూట్ అడ్డుకుంటుంది, మందు ఒంట్లో ఎక్కువగా పేరుకుపోతుంది. ఆ పని చేసే పదార్థాలు పంపర పనసలో కూడా ఉంటాయి. ఇప్పటికే 900 ఉన్న మనిషికి అది వద్దు. బత్తాయి మితంగా తినవచ్చు. చిన్నాన్నగారి కషాయానికి కూడా ఇదే మాట: అందులోని మూలికలు ఈ ఎంజైమును ఏం చేస్తాయో ఎవరూ కొలవలేదు, అందుకని మాత్ర నడుస్తున్నంత కాలం రెండూ కలపకండి.

ఓరుగల్లు అమ్మాయి

గురువారం అపాయింట్‌మెంట్ ఉంది. పాల్బోసిక్లిబ్ ఎందుకు ఎంచుకున్నారు, హెర్2 అంకె ఎంత, 22వ రోజు పరీక్ష ఎక్కడ చేయించాలి అన్న మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నాను. అమ్మ నాలుగో ప్రశ్న చేర్చమంది: ఒక్క తొనైనా తినకూడదా అని. పెరట్లో కాయలు కోసి సంచిలో వేసి ఉంచాం, చిన్నాన్న ఆదివారం వస్తే ఆయనకే ఇచ్చి పంపిస్తాం.